తిమ్మిరికీ తిమిరుకీ మధ్య నా ఎడమ కాలు

ధర్మపురిలో ఒక డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, నా ఎడమ కాలికి పొగరెక్కిందని ఎంతో మర్యాదగా విన్నవించుకున్న మనిషిని నేను. ఆ మాట అంటున్నానని అప్పుడు నాకు తెలియదు. ఆమె పెన్ను కింద పెట్టి ముందు నా మొహం చూసింది, తర్వాత నా కాలు చూసింది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది.

మాది సోగత్తూరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మా ముత్తాతల నాటి నుంచీ అంతే. బస్సులో, రేషను కొట్లో, పనిచేసే చోట తమిళం నాకు ఏనాడూ అడ్డం తిరగలేదు. కానీ ఒంట్లో బాగాలేనప్పుడు చెప్పుకునే మాటలు వేరే. అవి చిన్నప్పుడు జ్వరం వచ్చి అమ్మ పక్కన పడుకుని నేర్చుకున్నవి. వాటికి వాకిలి దాటే పని పడలేదు. కాలు మొద్దుబారితే మేము తిమ్మిరి అంటాం. తమిళంలో దాన్ని మరత్తుప్పోచ్చు అంటారు. ఆ మాట నాకు తెలియక కాదు, ఆ నిమిషానికి గుర్తు రాలేదు. తిమ్మిరి అనే మాటకే కాస్త తమిళం పూసి, "కాలుక్కు తిమిరు మేడం" అన్నాను. తమిళంలో తిమిరు అంటే పొగరు.

"తిమిరు కాలికా, మనిషికా?" అని డాక్టరమ్మ అడిగింది.

"రెండింటికీ ఉంది మేడం" అని గోడవైపు నుంచి నా భార్య తమిళంలో జవాబిచ్చింది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను మేస్త్రిని. ఇరవై ఏళ్ళకు పైగా ఇటుక మీద ఇటుక పేర్చి బతికినవాణ్ణి. నేను కట్టిన గోడకు తూకంగుండు వేలాడదీసి చూస్తామంటే, చూసుకోండి అని చేతులు కట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. వంకర దొరికితే నా పేరు మార్చుకుంటానని చెప్పేవాణ్ణి. ఇంతవరకు పేరు మార్చుకోలేదు. అలాంటివాడికి ఎవరైనా బరువు పట్టనా అని చెయ్యి అందిస్తే ఒళ్ళు మండేది.

ఈ నడుం ఎలా పోయిందో కూడా ఆ పొగరు సంగతే. నాకు ఒక్కతే చెల్లెలు. ఆమెను నల్లంపల్లిలో ఇచ్చాం. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేక, ఊరి మాటలు పడలేక, ఇల్లన్నా ఒకటి సొంతంగా ఉండనీ అని కట్టుకోవడం మొదలుపెట్టారు. పునాది నుంచి నేనే కట్టాను. గడప నిలబెట్టే రోజు రాతి గడప వచ్చింది. ఎత్తడానికి నలుగురు కావాలి. ఇద్దరు రాలేదు. ముహూర్తం దగ్గరపడుతోంది.

"అన్నా, పొద్దు దాటిపోతాండాది. ఎట్లన్నా చేసి పెట్టన్నా" అంది చెల్లెలు.

ఆమె అలా అడిగితే నేను ఆగలేను. ఒక కొస ఇద్దరు పట్టారు, రెండో కొస నేనొక్కణ్ణే ఎత్తాను. నడుంలో ఎక్కడో టక్కుమంది. అయినా గడప దించాను, మట్టం పెట్టి చూశాను, రెండు వైపులా సరిగ్గా ఉందని తేల్చుకున్నాను. తర్వాత లేద్దామంటే లేవలేకపోయాను. అందరూ పూజ చేస్తుంటే నేను గడపకు దణ్ణం పెడుతున్నట్టు వంగే ఉన్నాను. ఎంత భక్తి అని ఒక ముసలమ్మ మెచ్చుకుంది కూడా.

ఆ తర్వాత నాలుగేళ్ళు. నూనె రాశారు, ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టారు, బెల్టు కట్టించారు, మాత్రలు మింగించారు. ఎక్కడికి పోయినా నేను చెప్పింది ఒకే మాట, "ఇడుప్పు వలి." తమిళంలో వలి అంటే నొప్పి, ఇడుప్పు అంటే నడుమూ అవుతుంది, తుంటీ అవుతుంది. ఒకచోట తుంటికి ఎక్స్‌రే తీసి, ఎముక బ్రహ్మాండంగా ఉంది పొమ్మన్నారు. బ్రహ్మాండంగా ఉందన్నందుకు నేను సంబరపడిపోయి, కుంటుకుంటూ బస్టాండు దాకా నడిచి, మిఠాయి కొనుక్కుని మరీ ఇంటికి వచ్చాను.

గోడ కట్టే పని మానేయాల్సి వచ్చింది. కుర్చీలో కూర్చుని ఇంకొకరి గోడలకు వంకలు పెట్టే పని దొరికింది. ఆ మంచం పట్టిన రోజుల్లోనే నా భార్య నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఆమెది కుప్పం వైపు. అక్కడి బళ్ళో తెలుగు చదువుకుంది. మా ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడినవాళ్ళే గానీ చదివినవాళ్ళు లేరు. "నీది తెలుగే గానీ తమిళం అంగీ తొడుక్కోనుండాది" అని పెళ్ళయిన మొదటి వారంలోనే తేల్చేసింది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ నాలుగు ముక్కలు ఆ దిద్దుబాటు పుణ్యమే. తప్పులుంటే ఆమెనే అడగండి.

నొప్పితో నేను సర్దుకుపోయేవాణ్ణేమో. కానీ చెల్లెలికి కూతురు పుట్టింది. కొత్తింట్లోకి పోయిన ఏడాదికి, అందరూ ఆశ వదులుకున్నాక పుట్టింది. ఆ రోజు నేను నల్లంపల్లికి బస్సులో నిలబడే పోయాను. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి. కానీ ఆ పూట ఏ నొప్పీ గుర్తు లేదు.

మాలో బిడ్డకు చెవులు కుట్టించాలంటే మేనమామ ఒడి కావాలి. మామ పీట మీద తూర్పు మొహంగా బాసిపట్టు వేసుకుని కూర్చోవాలి. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల కదలకుండా పట్టుకోవాలి. అప్పుడు ఆసారి వచ్చి కుడతాడు. మా వైపు చెవులు కుట్టే కంసాలిని ఆసారి అంటాం. బిడ్డకు పదకొండో నెలలో పెట్టుకున్నారు. ముందు రోజు నేను పోయి, ఎందుకైనా మంచిదని పీట వేయించుకుని కూర్చుని చూశాను. కూర్చోవడం ఎలాగో అయింది. అయిదు నిమిషాలకు ఎడమ కాలు నాది కాకుండా పోయింది. చెల్లెలు పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపింది. నేను ఆ చేతిని విసిరికొట్టాను. "నేనేమన్నా ముసలోణ్ణా?" అని అరిచాను. తర్వాత నలుగురు మగవాళ్ళు కలిసి నన్ను ఎత్తి నిలబెట్టారు. నా చెల్లెలు ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, గడప దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా గడప వైపే చూస్తోంది. ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

కుర్చీ వేద్దామన్నారు. నాకు నచ్చలేదు. వరసకు మామ అయ్యే ఇంకొకణ్ణి కూర్చోబెడదామన్నారు. నచ్చకపోవడం చెల్లెలి వంతయింది.

"మా అన్న ఒళ్ళోనే కుట్టాల. లేకుంటే దానికి చెవులే వద్దు" అంది. చెవులు వద్దంటే ఎలా అని ఎవరూ అడగలేదు, ఆమె మొహం అలా ఉంది.

పదకొండో నెల దాటితే మూడో ఏడు. సరి సంవత్సరంలో కుట్టరు. మూడో ఏడూ దాటిపోతే ఇక అయిదో ఏడే. బిడ్డకు మూడో ఏడు నడుస్తుండగా చెల్లెలు ఒకరోజు మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ధర్మపురిలో ఎవరో డాక్టరమ్మ నడుంలోకి పటం చూసుకుంటూ సూది వేస్తుందని చెప్పింది. కోత లేదట, అదే రోజు ఇంటికి పంపేస్తారట. ఎమ్మారై తీసుకుని పోవాలట.

"నడుంలోకి సూదా?" అన్నాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మూడంతస్తుల ఎత్తున సారవ కర్రల మీద ఒంటికాలి మీద నిలబడి పనిచేసిన నాకు సూది అంటే చచ్చేంత భయం. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరూ అప్పుడు నా ఎదురుగానే ఉన్నారు.

"బిడ్డకు చెప్పేసినా అన్నా" అంది చెల్లెలు. "ముందు మామ వీపుకు సూది, ఆ తర్వాత నీ చెవికి సూది అని. మామ ఏడవకుంటే నేనూ ఏడవను అనిండాది."

రెండున్నరేళ్ళ పిల్ల మాట ఇచ్చేసింది. నలభై ఆరేళ్ళవాణ్ణి నేను ఇంకేం మాట్లాడతాను?

అలా ఆ డాక్టరమ్మ గదిలోకి వచ్చి, నా కాలికి పొగరని చెప్పాను. ఆమె నవ్వడం అయ్యాక, నిజంగా ఏమంటారు మీ ఇంట్లో అని అడిగింది. తిమ్మిరి అన్నాను. అదొక్కటేనా, ఇంకా ఏమైనా మాటలున్నాయా అంది. అంతవరకు ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. వలి అంటే సరిపోతుందని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఒకసారి అడిగేసరికి నా నోరు ఆగలేదు.

నడుంలో ఉండేది సలుపు. అది పొద్దస్తమానం ఉంటుంది, పెద్ద అల్లరి చెయ్యదు. పిరుదు మీద పోటు, దగ్గితే వస్తుంది. తొడ వెనక గుంజుడు. పిక్క పక్క నుంచి జివ్వుమని ఒకటి బొటనవేలి దాకా పోతుంది. అది పోయిన దారిలో, పాదం మీద మిగిలేది తిమ్మిరి. డాక్టరమ్మ కాగితం మీద ఒక కాలు బొమ్మ గీసింది. ప్రతి మాటనూ నా చేత రెండుసార్లు పలికించి, తమిళ అక్షరాల్లో ఆయా చోట్ల రాసుకుంది. బొమ్మ అంతా రాశాక, ఎమ్మారై ఫిలిం వెలుగు పెట్టె మీద పెట్టి, ఒక చోట వేలు ఆనించింది.

"మీరు చెప్పినదంతా ఈ ఒక్క నరం దారే అణ్ణా. మాటలతోనే గీసి ఇచ్చినారు" అంది తమిళంలో.

నేను ఆ ఫిలిం వైపు చూశాను. నా వెన్ను నేను చూడటం అదే మొదటిసారి. వరసలు బాగానే పేర్చారు. కానీ కింది నుంచి రెండో వరస దగ్గర, బరువు ఎక్కువైనప్పుడు రెండిటుకల మధ్య నుంచి సిమెంటు మాలు బయటికి పిండుకొచ్చినట్టు, ఏదో వెనక్కి పొంగి ఉంది. అదే నరాన్ని ఒత్తుతోందట. మా పనిలో అయితే తాపీతో గీకేస్తాం అన్నాను. ఇక్కడ గీకం, నరం చుట్టూ ఉన్న వాపు తగ్గడానికి మందు పెడతాం అంది. గోడ కొత్తది కాదని, నొప్పి తగ్గిన రోజుల్లో కసరత్తు చేసి నడుం గట్టిచేసుకోకపోతే లాభం లేదని, కొందరికి నెలల తరబడి హాయిగా ఉంటుందని, కొందరికి వారాలేనని, కొందరికి అసలు పనిచేయదని కూడా చెప్పింది. అన్నీ విన్నాను. పనిచేయదన్న మాట ఒక్కటే బస్సులో నాతో పాటు ఇంటికి వచ్చింది.

సూది వేసే రోజు నన్ను బోర్లా పడుకోబెట్టారు. పొట్ట కింద దిండు పెట్టారు. తలపైన వంగి ఉన్న పెద్ద యంత్రం ఒకటి, పక్కన టీవీలాంటిది. అందరూ బరువైన కోట్లు వేసుకున్నారు. ఎక్స్‌రే తగలకుండా అట. మరి నాకో అని అడిగితే, నీ ఫోటో తియ్యడానికే కదా ఇదంతా అని నర్సమ్మ అంది. వీపు మీద చల్లగా ఏదో పూశారు. మత్తు ఆ చోటికే ఇస్తారట, నేను మెలకువగా ఉండాలట. మెలకువగా ఎందుకు, నిద్రపుచ్చండి అని నేను ఎంత బతిమాలినా డాక్టరమ్మ ససేమిరా అంది.

"సూది సరైన చోటికి చేరిందో లేదో నాకు టీవీ చెబుతుంది. అది మీ నొప్పి ఉన్న చోటేనా అని మీరే చెప్పాలి. కదలొద్దు, మాట మాత్రం చెప్పండి. మీ ఇంటి మాటే చెప్పండి" అంది. ఆ కాగితం బొమ్మను నా కళ్ళకు కనిపించేట్టు ఎదురుగా అతికించి ఉంది.

మొదటి సూది చురుక్కుమంది. అది మత్తుకట. తర్వాత రెండో సూది. నేను కళ్ళు మూసుకుందామనుకుని, టీవీ వైపు చూశాను. చూశాక మూయలేకపోయాను. బూడిద రంగు వెన్ను, అందులోకి సన్నటి నల్లటి గీత ఒకటి దిగుతోంది. ఆమె కాస్త దించి ఆగుతుంది, ఫోటో చూస్తుంది, ఇంకాస్త దించుతుంది. అడుగడుగునా తూకం చూసుకుంటూ గోడ లేపేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ గోడలు పడవు. నా భయం ఎక్కడికి పోయిందో గానీ, ఆ చెయ్యి పనిచేసే తీరు చూస్తూ ఉండిపోయాను. ఎడమకు ఒక నూలు పోగంత జరపాలేమో అని కూడా అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

"ఇప్పుడు?" అంది.

"ఏమీ లేదు."

"ఇప్పుడు?"

"సలుపు" అన్నాను. ఆమె ఇంకో వెంట్రుకవాసి దించింది. పిక్క మీదుగా బొటనవేలి కొస దాకా ఒక్కసారి పరుగెత్తింది. నాలుగేళ్ళుగా నాతో పాటు లేచి, నాతో పాటు పడుకున్నది.

"జివ్వా?" అంది డాక్టరమ్మ. సేలం తమిళం మాట్లాడే ఆ మనిషి నోట, మా అమ్మ మాట.

"జివ్వే" అన్నాను. "ఇది నాదే మేడం. నాదే ఇది." చెబుతుండగానే నా కళ్ళ నుంచి నీళ్ళు కారి దిండు తడిసింది. నొప్పికి కాదు. నా నొప్పిని ఇంకొక మనిషి పేరు పెట్టి పిలిచినందుకు. చిన్న విషయమే గానీ ఆ క్షణంలో నాకు అంతకంటే పెద్దది ఏదీ కనిపించలేదు.

"సరి, ఆడక్కూడాదు" అంది. తమిళంలో ఆడక్కూడాదు అంటే కదలొద్దు అని. నేను తెలుగులో అర్థం చేసుకుని, ఆడటం లేదమ్మా, ఏడుస్తున్నాను అన్నాను. మందు ఎక్కించింది. కాలి నిండా బరువుగా, వెచ్చగా అయింది. తర్వాత ఒక్కొక్క మాటే కాలు వదిలి పోవడం మొదలైంది. ముందు జివ్వు పోయింది, తర్వాత గుంజుడు. మధ్యాహ్నం దాకా పడుకోబెట్టి, నడిపించి చూసి, ఇంటికి పంపారు. రెండు రోజులు నొప్పి మళ్ళీ రావచ్చు, కంగారు పడొద్దు అన్నారు.

వచ్చింది. రెండో రోజు పొద్దున అది తిరిగొచ్చేసరికి నా ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో అందరి మీదా ఎగిరాను, కాఫీ చల్లారిందని కూడా ఎగిరాను. నా భార్య ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఇచ్చిన కాగితం తెచ్చి, నేను దిద్దుకునే పలక పక్కన పెట్టి, రెండు రోజులు అని రాసిన చోట వేలు చూపించి వెళ్ళిపోయింది. నాలుగో రోజుకు తగ్గింది. వారానికి పెరట్లో ఒంటరిగా నడుస్తూ, నేను నడుస్తున్నానన్న సంగతే మరిచిపోయి, తిరిగి గుర్తొచ్చి ఆగి చూసుకున్నాను. తిమ్మిరి మాత్రం పాదం మీద సన్నగా మిగిలి ఉండేది. అది మెల్లగా పోతుందన్నారు.

ఆ వారంలోనే చెల్లెలు బిడ్డను తీసుకొచ్చింది. అది నా చొక్కా పైకెత్తించి, వీపు మీద అతికించిన ప్లాస్టరు చూసి, వేలితో ఒకసారి తట్టింది.

"ఏడ్చినావా మామా?"

"లేదమ్మా" అన్నాను.

"ఏడ్చినాడు" అంది నా భార్య, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా.

బిడ్డ ఇద్దరి మొహాలూ చూసింది. ఎవరిని నమ్మిందో చెప్పలేదు.

తర్వాత రెండు నెలలు కసరత్తు. నేల మీద వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, ఎత్తి పది లెక్కపెట్టడం. మొదట్లో నాకు సిగ్గుగా ఉండి తలుపు వేసుకునేవాణ్ణి. తర్వాత పీట వేసుకుని బాసిపట్టు సాధన. మొదటి రోజు మూడు నిమిషాలు, తర్వాత అయిదు, తర్వాత ఒళ్ళో బియ్యం సంచి పెట్టుకుని పది. బియ్యం సంచిని ఒళ్ళో పెట్టుకుని, దాని తల కదలకుండా పట్టుకుని, తూర్పు మొహంగా కూర్చున్న నన్ను చూసి పాలవాడు వాకిట్లో నుంచే వెనక్కి తిరిగిపోయాడు.

చెవులు కుట్టే రోజు వచ్చింది. నల్లంపల్లిలో, నేను కట్టిన ఇంట్లో, ఆ గడపకు నాలుగడుగుల లోపల పీట వేశారు. కుర్చీ కూడా ఒకటి తెచ్చి గోడ పక్కన దాచారు. నేను చూడలేదనుకున్నారు. పట్టు పావడా వేసిన బిడ్డను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టారు. ఆసారి బంగారు తీగ సూదిని తీయగానే, అది నా మొహంలోకి చూసింది.

"ఏడవకూడదా మామా?"

నాకు అబద్ధం రాలేదు. "ఏడవచ్చమ్మా. మామ కూడా ఏడ్చినాడు" అన్నాను.

ఆ ఒక్క మాటకే కాచుకుని ఉన్నట్టు, సూది తగలకముందే మొదలుపెట్టింది. ఆ ఇంటి పైకప్పు గట్టిదని ఆ రోజు నాకు ఇంకోసారి రుజువైంది. రెండు చెవులూ అయ్యాయి. నేను తెచ్చిన కమ్మలు పెట్టారు. బెల్లం ముక్క నోట్లో పెడితే ఏడుపు తగ్గి, వెక్కిళ్ళు తగ్గి, నా ఛాతీకి తల ఆనించి అక్కడే కునుకు తీసింది. దాన్ని లేపడానికి మనసొప్పక అలాగే కూర్చున్నాను. ఫోటోలు తీశారు. అరగంట దాటింది. ఎవరో వచ్చి బిడ్డను ఎత్తుకున్నారు. ఇక నేను లేవాలి.

లేద్దామని చూశాను. కాలు రాలేదు.

"తిమ్మిరెక్కింది" అన్నాను, మెల్లగా, నాలో నేనే అనుకున్నట్టు.

తాంబూలం పళ్ళెంతో పోతున్న చెల్లెలు వినింది. పళ్ళెం అక్కడే నేల మీద పెట్టేసింది. మొహంలో నెత్తురు లేదు. మూడో ఏడు, పదకొండో నెల, రాతి గడప, అన్నీ ఆ మొహంలో ఒకేసారి కనబడ్డాయి.

"ఏ కాలన్నా?" అంది.

నేను ఎడమ కాలు గిల్లి చూసుకున్నాను. మొద్దుగా ఉంది. ఎందుకో కుడికాలు కూడా గిల్లాను. అదీ మొద్దే. నా జబ్బు తిమ్మిరి ఏనాడూ కుడివైపు అడుగు పెట్టలేదు. ఇది వేరు. బరువైన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అరగంట కూర్చున్న ఎవడికైనా పట్టే మామూలు తిమ్మిరి. నాలుగేళ్ళుగా నాకు మామూలుది ఏదీ రాలేదు. నాకు నవ్వు ఆగలేదు.

"రెండు కాళ్ళూ అమ్మీ" అన్నాను. "రెండూ పట్టుకొనుండాయి. ఇది అందరికీ వచ్చేదే."

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థం కాగానే పీట పక్కనే కూలబడి, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. నాలుగేళ్ళుగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "ఆ గడప నేనే కదన్నా ఎత్తమనింది."

"గడప ఎట్లుండాదో చూడు" అన్నాను. "ఒక నూలంత వంకర ఉండాదా?"

ఏడుస్తూనే గడప వైపు చూసి, లేదని తల ఊపింది.

"మరి ఇంకేమి? ఎత్తిన పని సరిగ్గా అయిపోయింది. నడుం నాది, దాని సంగతి నేనూ డాక్టరమ్మా చూసుకుంటాము."

సామాను సర్దుకుంటున్న ఆసారికి తెలుగు రాదు. మా మాటల్లో ఒక్క తిమ్మిరి మాత్రం ఆయన చెవికి తన భాషలో తగిలినట్టుంది. తల ఊపుతూ, "తాయ్‌మామనుక్కు తిమిరా? ఇరుక్కట్టుం, ఇరుక్కట్టుం" అన్నాడు. మేనమామకు పొగరా, ఉండనీ, ఈ రోజు ఉండాల్సిందే అని. నా భార్య గోడవైపు తిరిగింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకునే తీరిక కూడా లేకపోయింది.

కాళ్ళలోకి చీమలు పాకినట్టు నెత్తురు తిరిగి వచ్చింది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని లేచి, కాస్త భయంభయంగానే, చెయ్యి చాపింది. నాకు ఆ చెయ్యి అవసరం లేదు. పట్టుకునే లేచాను.